పెన్సిల్ పెట్టిన మొహం

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన ఉన్నదున్నట్టు. ఫోటో స్టూడియో బోర్డు మీద "ఉన్నది ఉన్నట్టు తీయబడును" అని ఎర్ర అక్షరాలతో రాయించుకున్నాడు కనుక వచ్చిన పేరది. ఎదురుపడితే "ఉన్నదున్నట్టు గారూ" అనేవాళ్ళు. ఆయన వీపు తిప్పగానే ఆ గారు ఊడిపోయేది. ఆ సంగతి ఆయన చెవిన పడలేదో, పడనిచ్చుకోలేదో గానీ, ఆ పేరును మాత్రం బిరుదులా మోశాడు.

నిజం చెప్పడం మంచి గుణమే, కాదనం. కానీ ఆయన నిజం ఎప్పుడూ ఎదుటివాళ్ళ మొహాల మీదే వాలేది. బడి హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ వచ్చి, గడ్డం కింద వేలాడే కండ కాస్త కనబడకుండా తీయమని సిగ్గుపడుతూ అడిగితే, "ఉన్నవి రెండు గడ్డాలు. ఒకటి తీసేసి ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు. బట్టతల పెద్దమనిషి ఒకాయన నడినెత్తి రాకుండా చూడమంటే, "టోపీల కొట్టు పక్క వీధిలో" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. దాన్ని తన నిజాయితీకి రుజువుగా ఏళ్ళ తరబడి చెప్పుకున్నాడాయన. వచ్చిన బేరాన్ని తన్ని తగలేసి గర్వపడేవాణ్ణి ఏమంటారో మీరే చెప్పండి.

స్టూడియోలో రెండు గదులు. వెనకది ఆయన చీకటి గది. ఫిల్ము కడిగే హైపో మందు వాసన గోడల్లోకి ఇంకిపోయి, సున్నం కొట్టించినా పోని గది అది. ఫిల్ము కడిగేది అక్కడే, ఫోటోలు తీసేది దాని వెనక పెరటి పందిట్లో. ముందుగది కూతురిది. అందులో ఒక కంప్యూటరు, మూతలో దీపమున్న స్కానరు, చెక్కపెట్టెంత ప్రింటరు ఉంటాయి. ఆయన ఏళ్ళుగా వాడిన ఫోటో కాగితం బజార్లో దొరకడం ఆగిపోయినప్పుడు, ప్రింటింగ్ ప్రెస్సులో పని వదిలేసి వచ్చి కూతురు పెట్టుకున్న ఏర్పాటది. ఫిల్ము మీద తీసి, మందుల్లో కడగడం తండ్రి వంతు. దాన్ని స్కాన్ చేసి, మంచి నూలు కాగితం మీద ఇంకుతో అచ్చు వెయ్యడం కూతురి వంతు. రెండు గదుల మధ్య గోడలో జరిపే తలుపున్న చిన్న కిటికీ ఉంది. ఆరిన నెగటివ్‌ను ఆయన క్లిప్పుతో పట్టుకుని అందులోంచి చాచేవాడు, ఆమె అందుకునేది. ముందుగదిలోకి మాత్రం ఆయన అడుగు పెట్టేవాడు కాదు. అందులోంచి నడిచి వీధిలోకి పోవాలి గనక నడిచేవాడు, అంతే. ఆ నడిచేటప్పుడు కూడా కంప్యూటరు వైపు చూసేవాడు కాదు, అప్పిచ్చినవాడి ఇల్లు దాటుతున్నట్టు.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాం. ఈయన ఏటి మధ్యలో కూర్చుని తెప్పను తిట్టేవాడు. ఆ స్కానరే లేకపోతే ఆయన కడిగిన ఫిల్ములన్నీ దండేనికి వేలాడాల్సిందే, మనిషి కళ్ళబడే దారే లేదు. అయినా స్కానరు ఆయన నోట జిరాక్సు మిషను, ప్రింటరు ఇంకు ఉమ్మేది. "ఫిల్ము మీద బొమ్మ కట్టేది వెండి. వెండి అబద్ధమాడదు. మీ కంప్యూటరుకి నిజమంటే తెలిస్తేగా ఆడడానికి" అనేవాడు. కూతురు విని ఊరుకునేది. ఆమెకు తండ్రి కడిగే ఫిల్ము అంటే నిజంగానే ఇష్టం. ఆ ఇష్టం కోసం తండ్రిని కూడా భరించేది.

ఇంతలో ఒకరోజు ఆమె పొరపాటు చేసింది. రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన ఫోటో తీయించుకున్నాడు. ఆయనకు గుబురు తెల్ల మీసం, వీధి మొత్తానికీ ఆనవాలు. స్కానర్లో దుమ్మును వెతికి తుడిచేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. రంగుల ఫిల్ముకు అది దివ్యంగా పనిచేస్తుంది. కానీ నలుపు తెలుపు ఫిల్ము మీద బొమ్మంతా వెండి రేణువులే. ఆ ఏర్పాటుకు వెండీ దుమ్మూ ఒక్కలాగే కనబడతాయి. అంతకుముందు ఎవరివో రంగుల ఫిల్ములు స్కాన్ చేసి, దాన్ని ఆపడం మరిచిపోయింది. పోస్ట్‌మాన్ మీసం మధ్యలో కరిగిపోయింది, కళ్ళజోడు అంచు తెగిపోయింది, చెంపలు మైనం పూసినట్టు వచ్చాయి. పని తొందరలో ఆ ప్రింటు అలాగే కవర్లో పెట్టి ఇచ్చేసింది.

పోస్ట్‌మాన్ తిరిగొచ్చి నెమ్మదిగానే అడిగాడు. ఉన్నదున్నట్టుకు మాత్రం పండగైపోయింది. ఆ ప్రింటు పట్టుకుని టీ కొట్టుకు, మంగలి షాపుకు, బట్టల ఇస్త్రీ బండి దగ్గరకు వెళ్ళాడు. "చూశారా, మనిషి మీసం దుమ్మట! రేపు మనిషే దుమ్మంటుంది" అని ఉప్పూ కారం జల్లి చెప్పాడు. కన్నకూతురి తప్పును ఇంటింటికీ తిప్పిన తండ్రిని మేం చూడడం అదే మొదలు. ఆమె ఇంకో ప్రింటు వేసి, పోస్ట్‌మాన్ ఇంటికి తీసుకెళ్ళి క్షమించమని అడిగి ఇచ్చొచ్చింది. ఆ తర్వాత స్కానర్లో సవరించే ఏర్పాట్లన్నీ తీసిపారేసింది. దుమ్ముంటే దుమ్ము, గీతుంటే గీత, ఫిల్ము మీద ఏముంటే అదే.

ఆయన చల్లిన కబురు ఆయన మరదలి దాకా వెళ్ళింది. చనిపోయిన భార్యకు చెల్లెలు ఆవిడ, నాలుగు వీధుల అవతల బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. మొహం నిండా స్ఫోటకం మచ్చలు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగలదు, సూదులు తీశాక ఆ మాటలు ఇంకా గుచ్చుకుంటాయి. ఒక మధ్యాహ్నం షాపుకు తాళం వేసి, చేతిసంచీతో స్టూడియో ముందుగదిలో వచ్చి కూర్చుంది.

"మీ కంప్యూటరు పోస్ట్‌మాన్ మీసం మింగిందటగా?"

"మింగింది పిన్నీ. నా పొరపాటే."

"మింగడం వచ్చినదానికి కక్కడం రాదా?"

"అంటే?"

"మొహం మీద మచ్చలు తీసెయ్యగలిగినప్పుడు, పెట్టగలదా అని."

సంచీలోంచి పాత ఫోటో ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. స్టూడియో బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్న అక్కాచెల్లెళ్ళు. అక్క, అంటే కూతురి తల్లి, అప్పటికి కొత్త పెళ్ళికూతురు. ఆవిడ మొహం వెన్నముద్దలా ఉంది. పక్కన చెల్లెలి మొహం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది, గుంట గుంటా లెక్కపెట్టుకోవచ్చు. ఆ ఫోటో చాలా కాలం స్టూడియో అద్దాల షోకేసులో ఉండేది. వీధంతా చూసింది.

"చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. ఒకే మంచం మీద పడుకోబెట్టారు. అక్కకే ఎక్కువ, నాకు కాస్త నయం" అంది పిన్ని. "ఈ ఫోటో పెట్టె అడుగునే పడుంది ఇన్నాళ్ళూ. నా మొహం బాగాలేదని కాదమ్మా. నా మొహంతో నాకేం పేచీ లేదు. కానీ ఈమధ్య అక్క గుర్తొచ్చి కళ్ళు మూసుకుంటే ఈ నున్నటి మొహమే వస్తోంది. అసలు మొహం రావడంలేదు. ఎంత గింజుకున్నా రావడంలేదు. మీ నాన్న ఎవతెనో తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు, అది మా అక్కని తినేసింది."

ఆ మాట ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు, కోపంగా చెప్పింది. కూతురికి మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల్లి పోయేటప్పటికి ఆమె చిన్నది. తల్లి చెంప మీద ఒక గుంటలో వేలు పెట్టుకుని నిద్రపోయిన గుర్తు ఆమె వేలికి ఉంది గానీ కంటికి లేదు. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లో తల్లి నున్నగానే ఉంటుంది. ఒకసారి అడిగితే, "మీ అమ్మ మీద లైటు అలా పడేది" అన్నాడు తండ్రి. వెండి అబద్ధమాడదు కదా, నమ్మింది.

"పెట్టడం చిటికెలో పని పిన్నీ. కానీ ఏ మచ్చ ఎక్కడుందో నాకేం తెలుసు? అది కూడా అబద్ధమే అవుతుంది. ముందు నెగటివ్ చూడనీ."

అరచెయ్యంత షీటు ఫిల్ము అది, పాత పెట్టెలో కాగితం మడతలో దొరికింది. దాన్ని స్కానరు మీద పెట్టి, ఎంత పెద్దగా తీయగలదో అంత పెద్దగా తీసింది. తెర మీద పిన్ని చెంప వచ్చింది. మచ్చలు, సన్నటి నూగు, పక్కన చిన్న పుట్టుమచ్చ. తర్వాత బొమ్మను పక్కకు జరిపి తల్లి చెంప మీదకు తెచ్చింది. అక్కడ గుంటలు లేవు. గుంట ఉండాల్సిన ప్రతిచోటా సన్నసన్నటి గీతలు, కామాల్లాంటివి, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా పేర్చి ఉన్నాయి.

"నాన్నా, ఒకసారి ఇటు రా."

ఆయన కిటికీ తలుపు జరిపి తల పెట్టాడు. "ఏం, ఈసారి ఎవరి ముక్కు మింగింది?"

"ఇటు రమ్మంటున్నాను."

ఆ గొంతు విని వచ్చాడు. తెర వైపు చూశాడు, మరదలి వైపు చూడలేదు. "దుమ్ము" అన్నాడు. "నీ స్కానరు అద్దం తుడుచుకో."

"దుమ్ము వరసలు కట్టి నిలబడదు నాన్నా. అమ్మ మొహం మీద వాలి పిన్ని మొహాన్ని వదిలెయ్యదు." నెగటివ్ తీసి వీధి గుమ్మం వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంది. తల్లి మొహం ఉన్నచోట పెన్సిల్ ములుకు సీసంలా తళుక్కుమంది. ఇంక దాచడానికేం లేదు. ఉన్నదున్నట్టు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

కాసేపటికి ఆయనకు నోరొచ్చింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం, అంత తేలిగ్గా ఊరుకుంటాడా! "అప్పట్లో అందరూ పెట్టేవాళ్ళే. గట్టి పెన్సిల్ని గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, నెగటివ్‌కి వార్నిష్ రాసి, గుంట ఉన్నచోటల్లా కన్నార్పకుండా పెట్టి పూడ్చాలి, అప్పుడు ఫోటోలో నున్నగా వస్తుంది. రీటచింగంటే ఏమనుకున్నావ్, అదొక విద్య! మీలాగా మీట నొక్కడం కాదు."

"మరి బోర్డు?"

"బోర్డు తర్వాత రాయించాను."

పిన్ని పకపకా నవ్వింది. నవ్వడం ఆపి, "మరి నాకెందుకు పెట్టలేదు బావగారూ ఆ విద్య?" అంది.

"నువ్వు అడగలేదుగా."

"అక్క అడిగిందా?"

అడగలేదు. ఆ సంగతి ఆయనకు బాగా గుర్తుంది. ఫోటో కడిగి, ఆరబెట్టి, భార్య చేతికిచ్చి మురిసిపోతూ నిలబడ్డాడు. ఆవిడ చాలాసేపు చూసింది. "చెల్లెలు బాగా వచ్చింది. ఈవిడెవరు?" అని అడిగి, ఫోటో ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. దాన్ని భార్య విసిరిన చతురోక్తిగా ఆయన స్నేహితులందరికీ చెప్పి నవ్వించాడు. తర్వాత తీసిన ప్రతి ఫోటోకీ ఆవిడ అదే ప్రశ్న అడిగింది, ఆయన ప్రతిసారీ నవ్వాడు, ప్రతిసారీ పెన్సిల్ పెట్టాడు. ఫోటోగ్రాఫరు పెళ్ళాం మొహం షోకేసులో ఇలా ఉంటే నలుగురూ ఏమనుకుంటారని ఆయన భయం. సిగ్గుపడ్డాడు, అదీ అసలు సంగతి. ఊళ్ళోవాళ్ళ గడ్డాలూ బట్టతలలూ ఆయనవి కావు గనక వాటి దగ్గర నిజాయితీ పుట్టుకొచ్చింది. గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఈ గింజకు తెలుసు, తెలిసే ఎరుపు వైపు తిప్పుకుని కూర్చుంది.

ఇక మరదలి సంగతి. ఆవిడ మొహం దాచాలన్న జాలి గానీ, బయటపెట్టాలన్న కక్ష గానీ ఆయనకు లేవు. అసలు ఆ మొహం ఆయన కంటికి ఆనలేదు. పక్కన గుంటల మొహం ఉంటే తన భార్య మొహం ఇంకా నున్నగా కనబడుతుందని కూడా ఆలోచించలేదు, ఆలోచించకుండానే ఆ లాభం తిన్నాడు. కక్షే నయం, కనీసం మనిషిని చూసినట్టు ఉండేది.

"తుడిస్తే పోతుందా?" అంది పిన్ని.

"టర్పెంటైను పెడితే వార్నిష్‌తో పాటు ములుకూ వచ్చేస్తుంది" అన్నాడాయన, నోరు జారి. వెంటనే సర్దుకున్నాడు. "కానీ ఫిల్ము పాతది. పైపొర లేచిపోతే బొమ్మే పోతుంది. ఉన్న ఒక్క నెగటివ్ నాశనం చేసుకుంటారా?"

"పోతే పోనీండి. ఆ మొహం పోతే నాకు పోయేదేం లేదు. అడుగున మా అక్క ఉందా లేదా, అదే నాక్కావాలి."

కూతురు ముందు జాగ్రత్తగా నెగటివ్‌ను ఉన్నదున్నట్టుగా మరోసారి స్కాన్ చేసి దాచింది. ఆ విధంగా వెండి ఆడిన అబద్ధం కంప్యూటర్లో భద్రంగా ఉండిపోయింది. తర్వాత టర్పెంటైను సీసా, దూది తెచ్చి తండ్రి ముందు పెట్టింది. "నాకు చెయ్యి తిరగదు నాన్నా. పెట్టింది నువ్వు. నువ్వే తియ్యాలి."

ఆయన మింగలేక కక్కలేక కూర్చున్నాడు. ఆయన చెయ్యి గొప్పదే, ఆ మాట ఒప్పుకోవాలి. పెరటి గుమ్మం దగ్గర వెలుతురులో గాజుపలక మీద నెగటివ్ పరిచి, ముందు ఒక మూల తడిపి చూశాడు. పొర కదల్లేదు. దూదిని పుల్లకు చుట్టి భార్య నుదుటి దగ్గర మొదలుపెట్టాడు. దూది నల్లబడింది. పారేసి ఇంకోటి చుట్టాడు. అక్కాచెల్లెళ్ళలో బతికున్నావిడ ఆయన భుజం వెనకే నిలబడి చూస్తోంది. చెంప దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు. పుల్లకు కొత్త దూది చుట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. ఎవరూ ఆయనకు ధైర్యం చెప్పలేదు.

ఆరాక స్కాన్ చేశారు. తెర మీద ఆయన భార్య మొహం వచ్చింది. గుంటలు, గుంటల అంచున పడ్డ వెలుతురు, ఎడమ కనుబొమ్మను రెండు ముక్కలు చేసిన మచ్చ. పెన్సిల్ కింద నవ్వు కూడా నలిగిపోయి ఉన్నట్టుంది, ఇప్పుడు చెంప ముడత తిరిగి పెదవి కొసన కనబడింది. కూతురు వేలు దానంతటదే తెర మీదకు వెళ్ళింది. ఆయన నిలబడి చూశాడు. కనుబొమ్మ మచ్చను ఆయన కూడా మరిచిపోయాడు. ఆ క్షణంలో ఆయనకు గుండె పిండేసినట్టయింది, అది నటన కాదు. ఇంత కాలం ఏ మొహం తలుచుకుని తాను దిగులుపడ్డాడో ఆయనకే తెలియలేదు.

పిన్నికి షాపు తెరవాల్సిన వేళైంది. ప్రింటు రేపు తీసుకుంటానని వెళ్ళిపోయింది. కూతురు ఆ ప్రింటు కోసం నూలు కాగితంలో మేలైనది తీసింది. ఇంకు ఉమ్మేది నెమ్మదిగా కాగితాన్ని బయటకు నెడుతుంటే, ఆయన పక్కనే నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు. అదే మొదటిసారి.

కానీ మనిషి ఒక్క మధ్యాహ్నంలో మారిపోతే ఇంకేం! మర్నాటికల్లా ఆయన గుండె మళ్ళీ కుదుటపడింది. కింద పడ్డా మీసాలకు మట్టి అంటని రకం కదా. టీ కొట్టు దగ్గర, "పాత నెగటివ్ మీద ములుకు తుడవడం ఎవడివల్లా కాదు. వెంట్రుకంత పొర లేవకుండా తీశాను. సొంత పెళ్ళాం మొహమైనా సరే, నా దగ్గర దాపరికం లేదు" అని చెబుతున్నాడు. టీ కొట్టువాడు, ఫ్లాస్కు పట్టుకుని టీకి వచ్చిన కూతురి మొహం చూసి, గ్లాసులు కడగడంలో పడ్డాడు. ఆమెకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఆయన స్టూడియోకు తిరిగొచ్చి, తాను గొప్పదనుకున్న ప్రతి ఫోటోకీ చేసినట్టే, ప్రింటు కింద కుడి మూల తెల్లటి అంచు మీద సంతకం చేశాడు. కింద చిన్న గీత కూడా గీశాడు.

సాయంత్రం పిన్ని వచ్చింది. చేతులు చీరకు తుడుచుకుని ప్రింటు అందుకుంది. గుమ్మం దగ్గర వెలుతురుకు తీసుకెళ్ళి చూసింది. ఒకేలాంటి రెండు మొహాలు. ఆవిడ పెదవులు కదిలాయి. "వచ్చావటే" అంది, బొమ్మతో.

ఆయన గొంతు సవరించుకున్నాడు. మెచ్చుకోలు కాకపోతే, కనీసం క్షమించానన్న మాటైనా వస్తుందని ఎదురుచూశాడు. "బాగా వచ్చిందా?" అన్నాడు.

"మా అక్క ఎప్పుడూ బాగానే వచ్చింది బావగారూ." పిన్ని ప్రింటును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని కింది మూల చూసింది. "ఇదేమిటిక్కడ?"

"నా సంతకం."

"పెన్సిలేనా?"

"పెన్సిలే. నెగటివ్ నాది, ఫోటో తీసింది నేను..."

"మొహాలు మావి" అంది పిన్ని. ప్రింటును బల్ల మీద ఆయన ముందు పరిచింది. "దీన్ని కూడా తుడవండి."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె సొరుగు తీసి, రబ్బరు ముక్క బల్ల మీదుగా ఆయన వైపు జరిపింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కాగితం నలగకుండా ఎడమచేత్తో అదిమి పట్టుకుని, తన పేరు చెరిపాడు.